పడని గోల్, దక్కని ఫలం: డిఫెండర్ వృత్తిలో కర్మ విచారం

ఫుట్‌బాల్‌లో డిఫెండర్ పని గోల్ పడకుండా చూడడం. ఫార్వర్డ్ పనికి గోలే సాక్ష్యం. దానికి ఒక నిమిషం ఉంటుంది, ఒక పేరు ఉంటుంది, మర్నాటి పత్రికలో చోటు ఉంటుంది. డిఫెండర్ తన పని చక్కగా చేస్తే మిగిలేది ఏమీ జరగకపోవడమే. అతను తప్పు చేసినప్పుడు మాత్రం అందరి కళ్లూ అతని మీదే పడతాయి. ఆ డిఫెండరే ఆట మానేసి కోచ్ అయితే ఫలం ఇంకొక మెట్టు దూరం జరుగుతుంది. అప్పుడతను బంతిని తాకడు, ఇతరుల చేత ఆడిస్తాడు. గెలుపు ఆడినవాళ్లకు పోతుంది, ఓటమి అతని దగ్గర ఆగుతుంది.

ఈ వృత్తి భారతీయ తత్త్వచింతనలోని రెండు పాత ప్రశ్నలను మళ్లీ ముందుకు తెస్తుంది. జరగకపోవడం కూడా ఒక వాస్తవమేనా, అయితే దాన్ని తెలుసుకునేది ఎలా? ఇతరుల చేత చేయించినవాడు కర్త అవుతాడా, అయితే ఆ కర్మఫలం ఎవరిది? తెలుగునాట ఈ ప్రశ్నలను పరిశీలించడానికి తగిన జీవితం హైదరాబాద్ డిఫెండర్, ఆ తర్వాత కోచ్ అయిన సయ్యద్ నయీముద్దీన్‌ది.

ఒక డిఫెండర్ ప్రస్థానం

నయీముద్దీన్ 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. ఆయన పెరిగిన కాలంలో ఈ నగరం దేశ ఫుట్‌బాల్‌కు పెద్ద దిక్కుల్లో ఒకటి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవారు బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టు స్వర్ణం గెలిచినా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినా అది రహీమ్ శిక్షణలోనే.

సిటీ పోలీస్ జట్టులో ఆడిన నయీముద్దీన్ 1960ల రెండో సగంలో కలకత్తా చేరారు. అక్కడి మూడు పెద్ద క్లబ్బులైన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్. జి.ఎం.హెచ్. బాషా కోచ్‌గా ఉన్న ఆ జట్టు కాంస్యం గెలిచింది. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు మళ్లీ పతకం దక్కలేదు. అదే సంవత్సరం ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

ఆట ముగిశాక ఆయన కోచింగ్‌లోకి వెళ్లారు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది ఐ.ఎఫ్.ఎ. షీల్డ్, డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్ మూడూ గెలిచింది. ఆ ఏటి ద్రోణాచార్య అవార్డు ఆయనకు దక్కింది. ఫుట్‌బాల్ కోచ్‌కు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. మోహన్ బగాన్‌కూ శిక్షణ ఇచ్చారు, ఢాకాలో బ్రదర్స్ యూనియన్ జట్టును నడిపించారు. భారత జట్టు పగ్గాలు ఒకటికి మించిన దఫాలు చేపట్టారు. 2005 డిసెంబరులో కరాచీలో జరిగిన దక్షిణాసియా ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఆయన జట్టు బంగ్లాదేశ్‌ను 2–0తో ఓడించింది. 2006లో ఆడిన ఆసియా కప్ అర్హత పోటీల్లో ఓటములు ఎదురయ్యాయి. ఆ ఏడాదే భారత జట్టు బాధ్యత ఇంగ్లండ్‌కు చెందిన బాబ్ హౌటన్ చేతికి వెళ్లింది. ఆ మరుసటి ఏడు నయీముద్దీన్ బంగ్లాదేశ్ జాతీయ జట్టుకు కోచ్‌గా ఉన్నారు. వేళ తప్పని క్రమశిక్షణకూ, ఆటగాళ్ల తిండి, ఒంటి దారుఢ్యం విషయంలో రాజీపడని పట్టుదలకూ ఆయన పేరు పొందారు.

ఊరు మారింది, క్లబ్బు మారింది, దేశం మారింది. పని మాత్రం రెండు రూపాల్లోనే సాగింది. మొదటి సగంలో జరగనివ్వకపోవడం, రెండో సగంలో ఇతరుల చేత జరిపించడం.

అభావం ఒక పదార్థం

లోకంలో ఉన్న సమస్తాన్నీ వైశేషికులు కొన్ని పదార్థాలుగా విభజించారు. తొలుత ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అనే ఆరింటినే లెక్కించారు. తరవాతి న్యాయవైశేషికులు అభావాన్ని ఏడోదిగా చేర్చారు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఈ ఏడింటి లెక్కతోనే మొదలవుతుంది. తర్కం నేర్చుకునే విద్యార్థికి నేటికీ అదే తొలి పుస్తకం.

అభావాన్ని నాలుగు రకాలుగా చెబుతారు. వస్తువు పుట్టకముందు ఉండే లేమి ప్రాగభావం. నశించాక ఉండే లేమి ప్రధ్వంసాభావం. ఎన్నడూ లేకపోవడం అత్యంతాభావం. ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం. పడని గోల్ ఇందులో మొదటి రకానికి దగ్గరగా ఉంటుంది. మ్యాచ్ మొదలయ్యేసరికి గోల్ లేదు. ఆ లేమి ఎప్పుడు మొదలైందని అడిగితే జవాబు లేదు, ఎందుకంటే ప్రాగభావానికి ఆది లేదు. దానికి అంతం మాత్రం ఉంది. వస్తువు పుట్టిన క్షణాన అది ముగిసిపోతుంది.

డిఫెండర్ పని స్వభావం ఇక్కడే తేలుతుంది. ఆది లేని లేమిని అతను పుట్టించలేదు, పుట్టించలేడు కూడా. దాన్ని ముగియకుండా కాపాడాడు. శాస్త్రనిషేధాల గురించి వేదవిధుల అర్థాన్ని విచారించే మీమాంసకులు, ధర్మశాస్త్రకారులు చేసిన చర్చలో సరిగ్గా ఈ సమస్యే వస్తుంది. ఫలానా పని చేయవద్దని శాస్త్రం చెబితే, మానుకున్నవాడు సాధించినది ఏమిటి? కొత్తగా ఏదీ పుట్టలేదు కదా అన్నది ఆక్షేపం. ఉన్న లేమిని చెడనివ్వకుండా నిలుపుకోవడమూ ప్రయత్నంతో సాధించే ప్రయోజనమేనన్నది దానికి ఇచ్చిన సమాధానాల్లో ఒకటి. కౌటిల్యుడి అర్థశాస్త్రం కూడా దండనీతి ప్రయోజనాలను చెప్పేటప్పుడు, లేనిదాన్ని సంపాదించడం పక్కనే ఉన్నదాన్ని రక్షించడాన్ని వేరుగా పేర్కొంది. సంపాదనకు ఉన్నంత స్పష్టమైన ఆనవాలు రక్షణకు ఉండదు. అంతమాత్రాన అది తక్కువ కర్మ కాదు.

అడ్డుపడడం ఎలా పనిచేస్తుందో న్యాయదర్శనపు తార్కికులైన నైయాయికులు నిప్పు ఉదాహరణతో వివరించారు. నిప్పు ఉంది, కట్టె ఉంది, అయినా చంద్రకాంతమణి దగ్గరుంటే కట్టె కాలదని ప్రాచీనుల నమ్మకం. ఆ మణి ప్రతిబంధకం. మంటకు నిప్పు ఒక్కటే కారణం కాదు, ప్రతిబంధకం లేకపోవడం కూడా కారణమేనని వారు తేల్చారు. మీమాంసకులు మరో దారి పట్టారు. మణి నిప్పులోని దహనశక్తినే అణచివేస్తుందన్నారు. మణి ఉన్నా దాన్ని నిష్ఫలం చేసే మరో వస్తువు దాపున ఉంటే కట్టె మళ్లీ కాలుతుంది. దానికి ఉత్తేజకం అని పేరు. ఫుట్‌బాల్ మైదానంలో ఈ మూడూ కనిపిస్తాయి. వేగంగా వచ్చే ఫార్వర్డ్ నిప్పు. దారిలో నిలబడ్డ స్టాపర్, అంటే వెనక వరస నడిమి డిఫెండర్, ప్రతిబంధకం. బంతి లేకుండా పక్కకు పరిగెత్తి ఆ స్టాపర్‌ను తన వెంట లాక్కుపోయే రెండో ఫార్వర్డ్ ఉత్తేజకం. డిఫెండర్‌కు కోచ్ నేర్పే విద్యలో పెద్ద భాగం ఉత్తేజకానికి లొంగకుండా తన చోట తాను ఉండడమే.

లేమిని తెలుసుకునే దారి

లేమి వాస్తవమే అనుకున్నా, దాన్ని ఏ ప్రమాణంతో తెలుసుకుంటాం? నేల మీద కుండ లేదని ఎలా తెలిసింది? నైయాయికులు అది ప్రత్యక్షమే అన్నారు. కంటికి నేల కనిపిస్తూనే దానికి విశేషణంగా కుండ లేమి కూడా తెలుస్తుందన్నారు. మీమాంసకుల్లో కుమారిలభట్టు అనుచరులు దీన్ని ఒప్పుకోలేదు. కన్ను ఉన్నదానితోనే కలుస్తుంది, లేనిదానితో కలవలేదు కాబట్టి అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం, అనే ఆరో ప్రమాణం కావాలన్నారు. అద్వైతులు వారితో ఏకీభవించారు. మీమాంసలోనే మరో శాఖవారైన ప్రాభాకరులు లేమి అనే వేరే పదార్థమే లేదని, ఖాళీ నేలను తెలుసుకోవడమే కుండ లేమిని తెలుసుకోవడమని వాదించారు. బౌద్ధుడైన ధర్మకీర్తి కూడా లేమికి వేరే అస్తిత్వం ఇవ్వలేదు. కనబడదగినది కనబడకపోవడాన్ని హేతువుగా తీసుకుని లేమిని అనుమానంతో రాబట్టవచ్చన్నాడు.

ఇంత వివాదంలోనూ పక్షాలన్నీ ఒక షరతు దగ్గర కలుస్తాయి. ఊరికే కనబడకపోవడం చాలదు. చీకటి గదిలో కుండ కనబడకపోతే కుండ లేదని తేలదు. ఉండి ఉంటే తప్పక కనబడేది అని చెప్పగల స్థితిలో కనబడకపోవాలి. దీన్నే యోగ్యానుపలబ్ధి అంటారు. అంటే లేమిని తెలుసుకోవాలంటే, ఆ వస్తువు ఉంటే ఎక్కడ ఎలా కనబడి ఉండేదో ముందుగా తెలిసి ఉండాలి.

డిఫెండర్ శ్రమ చాలామందికి కనబడకపోవడానికి కారణం ఇదే. 0–0తో ముగిసిన రెండు మ్యాచ్‌లను పోల్చితే విషయం తెలుస్తుంది. ఒకదానిలో ఎదుటి జట్టుకు దాడి చేయడమే చేతకాలేదు. రెండోదానిలో ఎదుటి ఫార్వర్డ్ మూడుసార్లు గోల్ దాకా వచ్చేవాడే, కానీ స్టాపర్ రెండడుగులు ముందుగా కదిలి పాస్ వెళ్లే దారి మూసేశాడు. పాస్ వెళ్లలేదు, షాట్ రాలేదు, టాకిల్ కూడా అవసరం పడలేదు. స్కోరు రెండింటికీ ఒకటే. ఆ రెండడుగుల విలువ, అవి వేయకపోతే ఏమయ్యేదో ఊహించగలిగినవాడికే తెలుస్తుంది. మెరుపు వేగంతో నేల మీద జారి చేసిన టాకిల్‌కు చప్పట్లు వస్తాయి. చాలాసార్లు ఆ టాకిల్ అవసరమవడమే, అంతకుముందు నిలబడవలసిన చోట నిలబడలేదన్నదానికి గుర్తు.

నివారణ అనే ధర్మం

లేమిని కాపాడే పని ఆటస్థలానికే పరిమితం కాదు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద నార్కట్‌పల్లి దాటాక వచ్చే కట్టంగూర్, దాని చుట్టుపక్కల ఉన్న నల్లగొండ మెట్ట నేలకు ఈ సంగతి పుస్తకం చెప్పక్కరలేదు. ఈ జిల్లా రాతిపొరల్లోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కలుస్తుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, ఎముకలు వంకర తిరుగుతాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అనే పిలుస్తుంది. ఇంటింటికీ శుద్ధి చేసిన నదీజలాలు అందించే మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో, అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న చౌటుప్పల్‌లో నిలిపారు.

ఈ పనులన్నీ ఫలించినప్పుడు మిగిలేది నిటారుగా నడిచే పిల్లవాడు. ఈ పనులు లేకుంటే తన కాళ్లు వంగిపోయేవని వాడికి తెలియదు. ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియదు, చెప్పవలసినది ఒకటి ఉందన్న సంగతే తెలియదు. వంగిన కాళ్లతో బతికిన అంతకుముందు తరాన్ని చూసిన ఊరివాళ్లకే ఆ నడక విలువ కనిపిస్తుంది. తార్కికులు చెప్పిన షరతు ఇక్కడ నీతిగా మారుతుంది. నివారణను గుర్తించడం కేవలం మంచితనంతో అయ్యేది కాదు, దానికి జ్ఞానం కావాలి. ఆపద ఏ రూపంలో వచ్చేదో ఎరిగినవాడికి, దాన్ని ఆపినవాడిని గుర్తుచేసే బాధ్యత ఉంది. డిఫెండర్ కోచ్ అయినప్పుడు అతనికి ఇదే అధికారం, ఇదే బరువు వస్తాయి.

చేయించినవాడు కర్తేనా?

ఇక రెండో ప్రశ్న. పాణిని వ్యాకరణం పని చేసేవాడిని కర్త అంటుంది. అతని చేత చేయించేవాడిని హేతువు అంటూనే, అతనికీ కర్త అన్న పేరును నిలిపి ఉంచింది. చేయించినవాడు వచ్చినంత మాత్రాన చేసినవాడి కర్తృత్వం పోదు. చేసినవాడు తన ఇష్టంతో, తన శక్తితోనే చేస్తాడు. విసిరే చేతిలోని బల్లెంలా అతను కేవలం సాధనం కాడు. అందుకే ఒకే పనికి రెండు స్థాయుల్లో ఇద్దరు కర్తలు ఉండగలరు.

1962 జకార్తా ఫైనల్ దీనికి మంచి నిదర్శనం. సెప్టెంబరు 4న భారత్ దక్షిణ కొరియాను ఎదుర్కొంది. అదే పోటీ తొలి దశలో కొరియా చేతిలో భారత్ 2–0తో ఓడింది. స్టేడియంలో జనం భారత జట్టుకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. స్టాపర్ జర్నైల్ సింగ్ అంతకుముందు ఒక మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు వేయించుకుని ఉన్నాడు. రహీమ్ అతన్ని వెనక వరస నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. వెనక అరుణ్ ఘోష్ తదితరులు కాపు కాశారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. భారత్ 2–1తో గెలిచింది. అప్పటికే క్యాన్సర్ బారిన పడ్డ రహీమ్ 1963 జూన్ 11న కన్నుమూశారు.

జర్నైల్ గోల్ ఎవరిది? బంతిని తన్నింది జర్నైల్. అతన్ని అక్కడ నిలిపింది రహీమ్. అతను వదిలివచ్చిన చోటును పూడ్చింది ఇతరులు. భగవద్గీత 18వ అధ్యాయం ఏ కర్మకైనా ఐదు కారణాలు చెప్పింది. అవి అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. ఇన్ని కలిస్తే జరిగిన పనిని నేనొక్కడినే చేశానని అనుకునేవాడి చూపు సరైనది కాదని కూడా చెప్పింది. గోల్ కొట్టినవాడి అహంకారానికే కాదు, గెలిపించింది నేనే అనుకునే కోచ్ అహంకారానికీ ఈ మాట వర్తిస్తుంది. కృష్ణా, మూసీ లోయల్లో నాగార్జునకొండ, ఫణిగిరి వంటి చోట్ల విహారాలు కట్టుకున్న బౌద్ధులు ఇంకా ముందుకు వెళ్లారు. ప్రతిదీ అనేక హేతుప్రత్యయాల కలయికతో పుట్టేదే అయినప్పుడు, దాని వెనక నేను అనే ఒంటరి యజమాని లేడన్నది వారి దర్శనం. ఆ దర్శనంలోనూ చేతన, అంటే పూనిక, కర్మకు మూలంగా నిలుస్తుంది. కాబట్టి బాధ్యత మాయమైపోదు.

ఋత్విక్కు, యజమాని, మౌనంగా కూర్చున్న బ్రహ్మ

ఫలం ఎవరిదన్న ప్రశ్నను మీమాంసకులు యజ్ఞశాలలో పరిష్కరించారు. సోమయాగంలో పదహారుగురు ఋత్విక్కులు పనిచేస్తారు. మంత్రం చదివేది, ఆహుతి వేసేది, సామం పాడేది వారే. స్వర్గం మాత్రం యజమానికే. దక్షిణ ఇచ్చి, సంకల్పం చెప్పి, ఆ కర్మను తనదిగా చేపట్టినవాడు అతనే కాబట్టి. ఋత్విక్కుకు దక్కేది దక్షిణ. ఇక్కడ పనికీ ఫలానికీ మధ్య బంధం శాస్త్రోక్తంగానే తెగిపోయింది. ఇందులో అన్యాయం ఉందని మీమాంసకులు అనలేదు. డబ్బు తీసుకుని ఆడే ఆటగాడి స్థితి, కోచ్ స్థితి చాలావరకు ఇదే. కప్పు క్లబ్బు అల్మారాలో ఉంటుంది, గెలుపు అభిమానుల నోట ఉంటుంది. కోచ్ ఒప్పందం ముగిశాక మరో ఊరికి వెళ్లిపోతాడు.

ఈ పదహారుగురిలో నలుగురు ముఖ్యులు. వారిలో హోత, అధ్వర్యుడు, ఉద్గాత వాక్కుతో పనిచేస్తారు. నాలుగోవాడైన బ్రహ్మ దక్షిణం వైపు మౌనంగా కూర్చుంటాడు. యజ్ఞమంతా మనసులో నడిపిస్తూ, ఎక్కడ లోపం వస్తుందో కనిపెట్టుకుని ఉంటాడు. లోపం జరిగితే ప్రాయశ్చిత్తం చేసి సరిదిద్దడం అతని పని. అందుకే మూడు వేదాలూ ఎరిగినవాడే బ్రహ్మగా కూర్చోవాలని నియమం. ఛాందోగ్యోపనిషత్తు మనసుతో సాగే ఈ పనిని యజ్ఞానికున్న రెండు దారుల్లో ఒకటిగా చెప్పింది. అది తప్పితే యజ్ఞం కుంటుపడుతుందంది. అన్నీ సవ్యంగా సాగిన యజ్ఞంలో బ్రహ్మ చేసింది ఏమీ కనబడదు. కానీ అతను లేని యజ్ఞాన్ని శాస్త్రం అంగీకరించదు. మైదానం గీత అవతల కూర్చుని, ఆటంతా కళ్లతో ఆడుతూ, తప్పు దొర్లినప్పుడు లేచే కోచ్ పాత్రకు ఇంతకంటే గౌరవమైన పూర్వరూపం దొరకదు.

జట్లు మారడంలోని ధర్మం

నయీముద్దీన్ పరస్పరం పోటీపడే మూడు క్లబ్బులకూ ఆడారు. భారత జట్టును బంగ్లాదేశ్ మీద గెలిపించిన రెండేళ్లలోపే బంగ్లాదేశ్ జట్టు కోచ్‌గా నిలిచారు. ఇందులో నిష్ఠ లోపించిందా అన్న అనుమానం అభిమానికి రావచ్చు. ఋత్విక్కు ఈ ఏడు ఒక యజమాని యాగంలో, మరో ఏడు మరొకరి యాగంలో పనిచేస్తాడు. అది దోషం కాదు. ఒకరి దక్షిణ తీసుకుని, ఆ యాగం చెడాలని కోరుకోవడం మాత్రం దోషం.

మహాభారతం ఈ దోషానికి శల్యుడి పాత్రను ఇచ్చింది. కర్ణుడి రథం ఎక్కి, పగ్గాలు పట్టి, అంతకుముందే ధర్మరాజుకు ఇచ్చిన మాట ప్రకారం మాటలతో కర్ణుడి మనోబలాన్ని తీసేశాడు. తెలుగువారు శల్యసారథ్యం అనే మాటను ఇప్పటికీ వాడుతున్నారంటే, ఆ తప్పు ఎంత లోతుగా గుర్తుండిపోయిందో తెలుస్తుంది. పక్షం మారడం శల్యుడి తప్పు కాదు, ఒక రథం మీద ఉండి మనసు మరో రథం మీద పెట్టడం తప్పు. ఊళ్లు మారే వృత్తిలో ఉన్నవాడికి నిష్ఠ అంటే రంగు చొక్కా మీద మమకారం కాదు. ఏ జట్టు చొక్కా వేసుకున్న రోజు ఆ జట్టుకు తన విద్యను మిగుల్చుకోకుండా ఇవ్వడం.

ఇస్లామీ చింతన చెప్పే సమాధానం

రహీమ్, నయీముద్దీన్ పుట్టి పెరిగిన హైదరాబాద్ ముస్లిం సమాజపు ధర్మచింతనలోనూ కర్త ఎవరన్న ప్రశ్నకు దీర్ఘచరిత్ర ఉంది. సర్వకార్యాలకూ సృష్టికర్త అల్లాహ్ అయితే మనిషి చేసే పని ఎవరిది? అష్అరీ పండితులు కస్బ్ అనే భావంతో జవాబిచ్చారు. పనిని సృష్టించేది దేవుడు, దాన్ని తనదిగా ఆర్జించుకునేది మనిషి. దక్కన్‌లో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయానికి దగ్గరైన మాతురీదీ పండితులు మనిషి ఎంపికకు ఇంకొంత చోటిచ్చారు. ఎంచుకున్నది మనిషి కాబట్టి లెక్క చెప్పవలసినదీ మనిషే అన్నారు. పని విలువ నియ్యత్‌తో, అంటే సంకల్పంతో నిర్ణయమవుతుందన్నది హదీసులు నేర్పే మౌలిక సూత్రం. చేయవలసిన ప్రయత్నమంతా చేశాక ఫలితాన్ని దేవుడికి అప్పగించడం తవక్కుల్.

ఇది గీత చెప్పిన నిష్కామకర్మతో ఒకటి కాదు. ఒకచోట ఫలత్యాగం ఆత్మజ్ఞానానికి దారి, మరోచోట దైవసార్వభౌమత్వానికి లోబడడం. అయినా ఆచరణలో రెండూ ఒక స్వభావాన్నే కోరతాయి. ప్రయత్నంలో లోటు రానివ్వని, ఫలితం తనదని పట్టుబట్టని స్వభావం. ఈ రెండు సంప్రదాయాలూ పక్కపక్కనే బతికిన నగరంలో, సిటీ పోలీస్ వంటి జట్లలో వేర్వేరు మతాలవాళ్లు కలిసి ఆడారు. అలాంటి జట్టును ఒకటిగా నిలపగలిగేది ఈ స్వభావమే.

ఓటమి బాధ్యత

ఫలం తనది కానప్పుడు ఓటమి మాత్రం తనదెందుకు కావాలన్నది సహజమైన ఆక్షేపం. గోల్ పడనప్పుడు డిఫెండర్ పేరు వినబడదు, పడినప్పుడు వినబడుతుంది. జట్టు గెలిస్తే ఆటగాళ్లు, ఓడితే కోచ్. తూకం సమంగా లేదు, నిజమే. ఈ అసమానతకు ఒక కారణం పైన చెప్పిన ప్రమాణంలోనే ఉంది. లేమిని తెలుసుకోవడానికి ఊహ, అనుభవం కావాలి. పడ్డ గోల్‌ను తెలుసుకోవడానికి కన్ను చాలు. లోకం కంటితో తీర్పు చెబుతుంది.

అయితే ఫలం వేరు, బాధ్యత వేరు. యజ్ఞంలో లోపం వస్తే నష్టపోయేది యజమాని, కానీ సరిదిద్దవలసినవాడు బ్రహ్మ. స్వర్గం నాది కాదు కాబట్టి లోపమూ నాది కాదనే వీలు అతనికి లేదు. గీత కర్మ మీద అధికారం ఉందని చెప్పినప్పుడు, ఆ అధికారంలో లోపాన్ని సొంతం చేసుకోవడం కూడా ఇమిడి ఉంది. 2006 ఓటముల తర్వాత భారత జట్టు పగ్గాలు మరొకరికి వెళ్లినా, నయీముద్దీన్ మరుసటి ఏడు మరో జట్టును చేపట్టారు. పదవి పోవడం వృత్తికి చివర కాదని, అది ఆ వృత్తిలో భాగమేనని ఈ ప్రస్థానం చూపుతుంది.

నిష్కామం అంటే గెలవాలని కోరుకోకపోవడం అని పొరబడేవారూ ఉన్నారు. ఆపాలన్న లక్ష్యం లేకుండా డిఫెండర్ అడుగు కూడా వేయలేడు. ప్రయోజనం లేనిదే ఎవరూ పనికి పూనుకోరని మీమాంసకులు ఎప్పుడో చెప్పారు. పనిలోపలే ఉన్న లక్ష్యం ఒకటి, ఆ లక్ష్యం నెరవేరితే తనకు వచ్చే పేరు మరొకటి. వదులుకోవలసింది రెండోదాన్ని. మొదటిదాన్ని వదిలితే అది త్యాగం కాదు, పని ఎగ్గొట్టడం. గీత దాన్ని తామసత్యాగం అంది.

మిగిలేది ఏమిటి?

పడని గోల్ ఎవరికీ గుర్తుండదు. గెలిచిన కప్పు క్లబ్బుది. అలాంటప్పుడు డిఫెండర్‌గా మొదలై కోచ్‌గా ముగిసిన జీవితంలో మిగిలేది ఏమైనా ఉందా? నైయాయికులు ఆత్మగుణాల్లో సంస్కారాన్ని లెక్కించారు. అనుభవం క్షణంలో పోతుంది, కానీ అది ఆత్మలో భావన అనే సంస్కారాన్ని వదిలిపోతుంది. తగిన సమయం వచ్చినప్పుడు అది మేలుకుంటుంది. పదేపదే చేసిన అభ్యాసం ఆ సంస్కారాన్ని గట్టిపరుస్తుంది. స్టాపర్ పాస్ వచ్చేముందే రెండడుగులు కదిలాడంటే అప్పటికప్పుడు ఆలోచించి కాదు. ఎప్పుడో ఎవరో అతని చేత వందలసార్లు చేయించిన కదలిక అతనిలో నిలిచి ఉంది.

కోచ్ సృష్టించేది ఇదే. ఇది లేమి కాదు, భావపదార్థమే. ఇది ఆయనలో ఉండదు, శిష్యుడిలో ఉంటుంది. శిష్యుడు కోచ్ అయితే అక్కడి నుంచి మరొకరిలోకి పోతుంది. రహీమ్ చేత రూపుదిద్దుకున్న హైదరాబాద్ ఆట నయీముద్దీన్ తరానికి అందింది, వారి నుంచి కలకత్తాకు, ఢాకాకు చేరింది. సంస్కారం ఎవరిలో ఉంటే వారిదే కాబట్టి, దాని మీద కోచ్‌కు యాజమాన్యం లేదు.

ఇక్కడికి మొదటి రెండు ప్రశ్నలకూ సమాధానం దొరికింది. జరగకపోవడం వాస్తవమే, ఏం జరిగి ఉండేదో ఎరిగినవాడికి అది తెలుస్తుంది. చేయించినవాడు కర్తే, కానీ ఏకైక కర్త కాడు, ఫలానికి యజమాని అంతకన్నా కాడు. ఈ రెంటి నుంచి కోచ్‌కు రెండు విధులు వస్తాయి. ఎవరికీ కనబడని పనిని తాను చూసి, చేసినవాడికి చెప్పాలి. తనకు తెలిసిన విద్యను దాచకుండా ఇచ్చి, అది తనది అనే మాటను వదులుకోవాలి. కప్పులు గెలిచినా గెలవకపోయినా, ఈ రెండూ నెరవేర్చినవాడి వృత్తి సఫలమైనట్టే.